బ్యాక్‌గ్రౌండ్ జాబ్ ఆగిపోతే ముందు మీకే తెలియాలి: లాగింగ్, మానిటరింగ్ సమగ్ర మార్గదర్శి

వెబ్ పేజీ తెరుచుకోకపోతే వాడేవాళ్లే ఫోన్ చేసి చెబుతారు. బ్యాక్‌గ్రౌండ్ జాబ్, అంటే స్క్రీన్ వెనక సర్వర్ తనంతట తాను చేసే పని, ఆగిపోతే ఎవరూ చెప్పరు, ఎందుకంటే దాని ముందు ఎవరూ కూర్చుని ఉండరు. జాబ్‌ల మీద నిఘా పెట్టడం అంత ముఖ్యం కావడానికి కారణం ఇదొక్కటే, ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణ ఒకటే పెట్టుకుందాం, చివరి దాకా అదే వాడదాం. మేం తిరుపతిలో కూర్చుని పలమనేరు, పుంగనూరు, బంగారుపాళ్యం వైపు పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ నడుపుతాం. తెల్లవారుజామున రైతు పాలు పోస్తాడు, మిషన్ వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగతా ఘనపదార్థాల శాతం) చూపిస్తుంది, కేంద్రంలో మనిషి ఎంట్రీ కొడతాడు, స్క్రీన్ మీద 'సేవ్ అయింది' అని వస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది: రైతు ఖాతాలో ఆ పాలు జమ రాయడం ఒక జాబ్, ఎస్‌ఎంఎస్ పంపడం ఇంకో జాబ్, పదిహేను రోజులకోసారి బిల్లు తయారుచేయడం మరో పెద్ద జాబ్. జమ రాసే జాబ్ మధ్యలో పోయిందనుకోండి, ఆ రోజు ఎవరికీ ఏమీ తెలియదు. బిల్లు చేతికొచ్చిన రోజు కేంద్రం నుంచి ఫోన్ వస్తుంది: "సార్, పద్నాలుగో తేదీ పొద్దున పోసిన పాలు బిల్లులో లేవంట, రైతు ఇక్కడే కూర్చున్నాడు, ఏం చెప్పమంటారు?"

ఆ ప్రశ్నకు ఫోన్ పెట్టేలోపు జవాబు చెప్పగలిగితే మీ లాగింగ్ బాగున్నట్టు. ఆ ఫోన్ రాకముందే మీకు తెలిసిపోతే మీ మానిటరింగ్ బాగున్నట్టు. నేను సెలరీ (పైథాన్‌లో జాబ్‌లు నడిపే లైబ్రరీ), రెడిస్ (జాబ్‌ల క్యూను మెమరీలో ఉంచే డేటా స్టోర్) మాటలు ఎక్కువగా వాడతాను, సైడ్‌కిక్ (రూబీలో జాబ్‌లు నడిపే లైబ్రరీ) వాళ్లకు కూడా అక్కడక్కడా చెబుతాను. మీరు వాడేది వేరేదైనా పద్ధతి మారదు.

1. ముందు జాబ్ ఏయే దశలు దాటుతుందో కాగితం మీద రాయండి

కోడ్ ముట్టుకోకముందే ఈ పని చేయండి. ఒక జాబ్ క్యూలో చేరుతుంది, లేదా ఫలానా టైమ్‌కి నడవాలని షెడ్యూల్ అవుతుంది. వర్కర్, అంటే జాబ్‌లను నడిపే ప్రోగ్రాం, దాన్ని తీసుకుంటుంది. మొదలవుతుంది. పూర్తవుతుంది, లేదా ఫెయిల్ అవుతుంది. ఫెయిలైతే రీట్రైకి వెళ్తుంది, రీట్రైలు అయిపోతే చనిపోయిన జాబ్‌ల జాబితాలో పడుతుంది. మధ్యలో ఎవరైనా రద్దు చేయొచ్చు. వీటితో పాటు ఇంకో దశ ఉంది, దాన్ని చాలామంది రాయరు: మొదలైంది కానీ ఏమైందో తెలియదు. దాని గురించి తర్వాత వివరంగా మాట్లాడుకుందాం, ఇప్పటికి కాగితం మీద రాసిపెట్టుకోండి.

'తీసుకుంది', 'మొదలైంది' రెండూ ఒకటి కాదు. సెలరీ వర్కర్ తనకు అవసరమైన దానికంటే ముందే కొన్ని జాబ్‌లు తెచ్చి పక్కన పెట్టుకుంటుంది. మామూలుగా ఉండే సెట్టింగ్‌లో ఒక్కో ప్రాసెస్‌కి 4 చొప్పున తెస్తుంది. బిల్లు తయారీ లాంటి నిమిషాలు పట్టే జాబ్ నడుస్తుంటే దాని వెనక మూడు చిన్న జాబ్‌లు ఆ వర్కర్ చేతిలో ఇరుక్కుపోయి ఉండొచ్చు, పక్క వర్కర్ ఖాళీగా ఉన్నా సరే. క్యూ చూస్తే ఖాళీగా కనిపిస్తుంది, జాబ్‌లు మాత్రం కదలవు. ఎక్కువసేపు పట్టే జాబ్‌లకు వేరే వర్కర్ పెట్టి ఆ సంఖ్యను 1 చేయండి.

సెలరీలో ఈ దశలన్నిటికీ ఈవెంట్లు తయారుగానే ఉన్నాయి: టాస్క్ సెంట్, రిసీవ్డ్, స్టార్టెడ్, సక్సీడెడ్, ఫెయిల్డ్, రీట్రైడ్, రివోక్డ్. అయితే అవి వాటంతట అవి రావు. వర్కర్ వైపు ఒక సెట్టింగ్, జాబ్ పంపే వైపు ఇంకో సెట్టింగ్ విడివిడిగా ఆన్ చేయాలి. వర్కర్ వైపు మాత్రమే ఆన్ చేసి, క్యూలో ఎప్పుడు చేరిందో కనిపించడం లేదని తల పట్టుకునేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఫ్లవర్ అనే టూల్ ఈ ఈవెంట్లను స్క్రీన్ మీద చక్కగా చూపిస్తుంది, కానీ అది మామూలుగా మెమరీలోనే పెట్టుకుంటుంది, రీస్టార్ట్ చేస్తే పాతవి పోతాయి. చూడటానికి ఫ్లవర్ వాడండి, సాక్ష్యంగా మాత్రం లాగ్ ఫైలే ఉండాలి. సైడ్‌కిక్‌లో అయితే మిడిల్‌వేర్ రెండు వైపులా రాసుకోవచ్చు, క్యూలో పెట్టే వైపు ఒకటి, నడిపే వైపు ఒకటి. రైల్స్ యాక్టివ్ జాబ్ కూడా ఎన్‌క్యూ, పెర్ఫార్మ్, రీట్రై, డిస్కార్డ్ అన్నిటికీ నోటిఫికేషన్లు ఇస్తుంది.

ఇంకో మాట. డేటాబేస్ ట్రాన్సాక్షన్ కమిట్ అవ్వకముందే జాబ్‌ను క్యూలో పెట్టకండి. వర్కర్ వేగంగా ఉంటే ఎంట్రీ డేటాబేస్‌లో కనిపించకముందే జాబ్ మొదలై 'అలాంటి ఎంట్రీ లేదు' అని ఫెయిల్ అవుతుంది, రీట్రైలో దానంతట అదే సరిపోతుంది, మీ లాగ్‌లో మాత్రం అర్థంకాని ఎర్రర్లు రోజూ కనిపిస్తూ ఉంటాయి. ఇలాంటి ఎర్రర్లకు కళ్లు అలవాటుపడ్డాక అసలు ఎర్రర్ వచ్చినా ఎవరూ ఆగి చూడరు. జాంగోలో కమిట్ అయ్యాక నడిచే హుక్ ఉంది, దాంట్లోంచి పంపండి.

2. లాగ్ లైన్ ఎలా ఉండాలి

'జాబ్ మొదలైంది', 'ఎర్రర్ వచ్చింది' లాంటి మాటలు రాస్తే మనిషి చదవగలడు కానీ వెతకలేం. ప్రతి లైనూ జేసన్ రూపంలో, పేరు–విలువ జతలుగా ఉండాలి. ఒకే జాబ్‌కి సంబంధించిన మూడు లైన్లు ఇలా ఉంటాయి, ఇక్కడ చదవడానికి వీలుగా రాస్తున్నాను:

సమయం=2025-06-13 23:55:08 యూటీసీ, ఘటన=క్యూలో_చేరింది, జాబ్=జమ_రాయి, జాబ్_ఐడీ=8ఎఫ్31, ఎంట్రీ=440917, కేంద్రం=212, రిక్వెస్ట్_ఐడీ=71సీ0

సమయం=2025-06-13 23:55:41 యూటీసీ, ఘటన=మొదలైంది, జాబ్_ఐడీ=8ఎఫ్31, ప్రయత్నం=1, వేచిన_సెకన్లు=33, వర్కర్=సర్వర్2–4410, వెర్షన్=ఎ91

సమయం=2025-06-13 23:55:43 యూటీసీ, ఘటన=ఫెయిల్, జాబ్_ఐడీ=8ఎఫ్31, ప్రయత్నం=1, పట్టిన_సెకన్లు=2.1, ఎర్రర్_రకం=డేటాబేస్_టైమౌట్, తర్వాతి_ప్రయత్నం=23:58:43

ఇందులో ఎంట్రీ నంబరు, కేంద్రం నంబరు ఎందుకున్నాయో చూడండి. ఫోన్ చేసిన మనిషికి జాబ్ ఐడీ తెలియదు, ఆయనకు తెలిసింది కేంద్రం, తేదీ, పూట. వెతకడం అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి వ్యాపారం వైపు గుర్తులు కనీసం మొదటి లైన్లో ఉండి తీరాలి. వెర్షన్ ఎందుకంటే, కొత్త కోడ్ పెట్టిన తర్వాతే ఫెయిల్ అవుతోందా లేదా అన్నది చూడగానే తెలియాలి. ప్రయత్నం నంబరు లేకపోతే ఒకే జాబ్ ఐదుసార్లు ఫెయిలైందా, ఐదు జాబ్‌లు ఒక్కోసారి ఫెయిలయ్యాయా తేల్చలేరు.

వేచిన సెకన్లు లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త. షెడ్యూల్ చేసిన జాబ్‌కి అది క్యూలో చేరిన టైమ్ నుంచి కాకుండా, నడవాల్సిన టైమ్ నుంచి లెక్కపెట్టాలి. రేపు పొద్దున నడవమని ఈ రోజు పెట్టిన జాబ్ పన్నెండు గంటలు ఆలస్యమైనట్టు చూపిస్తే ఆ గ్రాఫ్‌ను ఎవరూ నమ్మరు. సర్వర్ల గడియారాలు తేడాగా ఉంటే ఈ సంఖ్య మైనస్‌లోకి కూడా పోతుంది, ఎన్‌టీపీ ద్వారా టైమ్ సింక్ చేసి ఉంచండి.

టైమ్ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్) రాయండి, చూపించేటప్పుడు మన టైమ్‌కి మార్చుకోండి. పైన ఉదాహరణలో తేదీ 13 అని ఉంది గమనించారా? రైతు పాలు పోసింది 14వ తేదీ తెల్లవారి 5.25కి. మన టైమ్ యూటీసీ కంటే 5.30 గంటలు ముందుంటుంది కాబట్టి పొద్దున 5.30 లోపు పడిన ప్రతి ఎంట్రీ లాగ్‌లో ముందు రోజు తేదీతో ఉంటుంది. కాలేజీ ఫీజులకో లాడ్జి బుకింగులకో ఇది పెద్దగా తగలదు, ఆ వేళకు పని తక్కువ. పాల కేంద్రాల్లో ఆ వేళకే పని మొదలైపోతుంది. '14వ తేదీ' అని వెతికి ఏమీ లేదని చెప్పేస్తే రైతు ముందు అబద్ధం చెప్పినట్టే. అందుకే లాగ్‌లో 'సేకరణ_తేదీ', 'పూట' అని రెండు విడి ఫీల్డులు పెట్టండి, వాటికి టైమ్‌జోన్‌తో పనిలేదు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్, ఫోన్ నంబరు లాగ్‌లోకి రాకూడదు. చాలామంది సులువని జాబ్‌కి ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు మొత్తం లాగ్ చేసేస్తారు, అక్కడే ఇవన్నీ బయటపడతాయి. జాబ్‌కి రైతు ఐడీ మాత్రమే ఇవ్వండి, మిగతాది జాబ్ లోపల డేటాబేస్ నుంచి తీసుకోండి, అప్పుడు లాగ్ శుభ్రంగా ఉంటుంది, క్యూ కూడా తేలికగా ఉంటుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

3. ఒకే దారం చివరి దాకా

ఎంట్రీ సేవ్ చేసిన వెబ్ రిక్వెస్ట్‌కి ఒక ఐడీ ఉంటుంది కదా, అది జాబ్‌తో పాటు వెళ్లాలి, ఆ జాబ్ ఇంకో జాబ్‌ను పుట్టిస్తే దానితో కూడా వెళ్లాలి. సెలరీలో ప్రతి టాస్క్‌తో రూట్ ఐడీ, పేరెంట్ ఐడీ వస్తాయి, వాటిని లాగ్‌లో రాస్తే సగం పని అయిపోయినట్టే. ఓపెన్‌టెలిమెట్రీ (ఒక రిక్వెస్ట్ ఏయే చోట్లకు వెళ్లిందో గుర్తించే టూల్) వాడితే ట్రేస్ ఐడీ మెసేజ్ హెడర్లలో వెళ్తుంది, వెబ్ నుంచి వర్కర్ దాకా ఒకే బొమ్మలో కనిపిస్తుంది. చిన్న టీమ్ అయితే ముందు రిక్వెస్ట్ ఐడీతో మొదలుపెట్టండి, చాలు.

పెద్ద జాబ్ చిన్న జాబ్‌లను పుట్టించే చోట ఈ దారం మరీ అవసరం. బిల్లు రోజున ఒక తల్లి జాబ్ కేంద్రానికొకటి చొప్పున పిల్ల జాబ్‌లు పెడుతుంది. తల్లి జాబ్ నిమిషంలో 'పూర్తయింది' అంటుంది, డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది, లోపల మూడు కేంద్రాల బిల్లులు చచ్చిపడి ఉంటాయి. అందుకని తల్లి జాబ్ పూర్తయ్యేటప్పుడు 'పుట్టించినవి=ఇన్ని' అని లాగ్ రాయాలి. తర్వాత ఒక చిన్న తనిఖీ జాబ్ వచ్చి, ఆ తల్లి ఐడీ కింద పూర్తయినవి, చనిపోయినవి కలిపితే పుట్టించిన లెక్కకు సరిపోయిందా చూడాలి. సరిపోకపోయినా, చనిపోయినవి ఒక్కటైనా ఉన్నా అప్పుడే కేక వేయాలి. డబ్బుతో ముడిపడిన ఏ జాబ్‌కైనా ఇలా జమాఖర్చు సరిచూడటం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం, మిగతా మానిటరింగ్ అంతా తర్వాత చేసుకోవచ్చు.

4. ఏ అంకెలు కొలవాలి

లాగ్ ఒక్కో జాబ్ కథ చెబుతుంది, మెట్రిక్ మొత్తం పరిస్థితి చెబుతుంది. ప్రొమీథియస్ (అంకెలు సేకరించేది), గ్రఫానా (వాటిని గ్రాఫ్‌లుగా చూపించేది) జంట చాలామందికి అలవాటే కాబట్టి వాటితోనే చెబుతాను.

మొట్టమొదట కొలవాల్సింది క్యూలో అన్నిటికంటే పాత జాబ్ వయసు. సైడ్‌కిక్‌లో దీన్ని క్యూ లేటెన్సీ అంటారు, నేరుగా దొరుకుతుంది. సెలరీ, రెడిస్‌తో అయితే క్యూలో చేరిన టైమ్‌ను మెసేజ్ హెడర్‌లో పెట్టి, ఒక చిన్న ప్రోగ్రాం క్యూ చివర ఉన్న మెసేజ్‌ను తీయకుండా చూసి చెప్పేలా రాసుకోవాలి. చాలామంది క్యూ పొడవు చూస్తారు, దానితో మోసపోతారు. ఎస్‌ఎంఎస్ క్యూలో 6,000 జాబ్‌లు ఉన్నాయనుకోండి, ఒక్కోటి 40 మిల్లీసెకన్లు, 10 వర్కర్లు, మొత్తం 24 సెకన్లలో ఖాళీ. బిల్లు క్యూలో 12 జాబ్‌లే ఉన్నాయి, ఒక్కోటి 5 నిమిషాలు, 2 వర్కర్లు, అరగంట పడుతుంది. పొడవు చూస్తే మొదటిది భయపెడుతుంది, నిజంగా ఆలస్యమయ్యేది రెండోది. వరుసలో ఉన్నవాళ్ల సంఖ్య, వచ్చే వేగం, వేచి ఉండే సమయం మధ్య ఉన్న లెక్కను జాన్ లిటిల్ 1961లోనే నిరూపించాడు. దర్శనం క్యూలో నిలబడినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, ముందు ఎంతమంది ఉన్నారని కాకుండా ఎంతసేపు పడుతుందనే కదా అడుగుతాం.

ఆ తర్వాత: నిమిషానికి ఎన్ని చేరుతున్నాయి, ఎన్ని పూర్తవుతున్నాయి, ఎర్రర్ రకాన్ని బట్టి ఎన్ని ఫెయిల్ అవుతున్నాయి, ఒక్కో రకం జాబ్‌కి ఎంతసేపు పడుతోంది, ఎన్ని వర్కర్లు బతికున్నాయి, వాటిలో ఎన్ని పనిలో ఉన్నాయి. ఇవి చాలు.

ఇక్కడ కొన్ని గుంతలున్నాయి. ప్రొమీథియస్ లేబుల్‌గా జాబ్ ఐడీ, రైతు ఐడీ పెట్టకండి, ప్రతి కొత్త విలువకీ ఒక కొత్త సిరీస్ పుట్టి మెమరీ మింగేస్తుంది. జాబ్ పేరు, క్యూ పేరు, ఫలితం, ఫెయిలైతే ఎర్రర్ రకం, ఈ నాలుగే లేబుళ్లు. ఒక్కో జాబ్ వివరం కావాలంటే లాగ్ ఉంది. రెండోది, పైథాన్ లైబ్రరీ ఇచ్చే హిస్టోగ్రామ్ బకెట్లు (పట్టిన సమయాన్ని గుంపులుగా విడగొట్టే హద్దులు) 10 సెకన్ల దగ్గర ఆగిపోతాయి, ఎందుకంటే అవి వెబ్ రిక్వెస్టుల కోసం పెట్టినవి. ఐదు నిమిషాలు పట్టే బిల్లు జాబ్‌లన్నీ చివరి బకెట్లో కుప్పగా పడతాయి, ఐదు నిమిషాలు ఇరవై నిమిషాలైనా మీకు తేడా కనిపించదు. జాబ్‌లకు 1 సెకను నుంచి అరగంట దాకా సొంత బకెట్లు రాసుకోండి. మూడోది, సెలరీ వర్కర్ లోపల చాలా ప్రాసెస్‌లు ఉంటాయి, లైబ్రరీలోని మల్టీప్రాసెస్ మోడ్ పెట్టకపోతే అంకెలు తప్పుగా వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైన గుంత: క్యూ వయసు కొలిచే ప్రోగ్రాం వర్కర్ లోపల ఉండకూడదు. వర్కర్లన్నీ చచ్చిపోతే కొలిచేదీ చచ్చిపోతుంది, గ్రాఫ్ పాత విలువ దగ్గర ఆగిపోతుంది లేదా మాయమైపోతుంది, అలర్ట్ మాత్రం మోగదు. వేరే ప్రాసెస్‌గా, వీలైతే వేరే సర్వర్ మీద నడపండి. ఆ మెట్రిక్ అసలు రాకపోయినా మోగేలా ప్రొమీథియస్‌లో ఆబ్సెంట్ రూల్ ఒకటి కలపండి.

5. రీట్రైలు: మొండిగా ఉన్నవి, మరీ ఎక్కువైనవి

మీ లైబ్రరీ రీట్రై ఎలా చేస్తుందో ఇప్పుడే వెళ్లి చూడండి, చాలామంది చూసి ఉండరు. సైడ్‌కిక్ మామూలుగా 25 సార్లు ప్రయత్నిస్తుంది, మధ్య వ్యవధి పెంచుకుంటూ పోతుంది, మొత్తం దాదాపు 20 రోజులు. మన బిల్లు పదిహేను రోజులకోసారి. అంటే 2వ తేదీన ఫెయిలైన జమ జాబ్ బిల్లు వెళ్లిపోయాక కూడా ఇంకా ప్రయత్నిస్తూనే ఉంటుంది, చనిపోయిన జాబితాలోకి రాదు కాబట్టి అలర్ట్ కూడా రాదు! రీట్రై గడువు ఎప్పుడూ ఆ పనికి ఉన్న గడువు కంటే చాలా తక్కువ ఉండాలి. జమ జాబ్‌కి రెండు మూడు గంటల్లో రీట్రైలు అయిపోయి మనిషి చేతికి రావాలి.

సెలరీలో తీరు వేరు. మీరు చెబితేనే రీట్రై చేస్తుంది, చెప్పినప్పుడు మామూలుగా 3 సార్లు, మూడు నిమిషాల తేడాతో. చెప్పకపోతే ఒక్క ఫెయిల్‌తో కథ ముగిసింది.

లాగ్ స్థాయి విషయంలో నేను పాటించేది చెబుతాను. రీట్రై ఉన్న ఫెయిల్‌ను వార్నింగ్‌గా, రీట్రైలు అయిపోయిన ఫెయిల్‌ను ఎర్రర్‌గా రాయాలి. రెండిటినీ ఎర్రర్‌గా రాస్తే ఎస్‌ఎంఎస్ గేట్‌వే పది నిమిషాలు మొరాయించినప్పుడు వేలకొద్దీ ఎర్రర్లు వచ్చి పడతాయి, వాటి మధ్యలో ఒక బిల్లు జాబ్ చనిపోయినా కనపడదు. సైడ్‌కిక్‌లో చనిపోయిన జాబ్‌ల జాబితా కూడా శాశ్వతం కాదు, 6 నెలలు దాటినవి లేదా 10,000 దాటినవి తీసేస్తుంది. కాబట్టి జాబ్ చనిపోయిన క్షణంలోనే పూర్తి లైన్ లాగ్‌లో పడాలి.

6. జాడ లేకుండా పోయే జాబ్‌లు

కాగితం మీద రాసుకోమన్న దశ ఇదే. ఫెయిల్ అయిన జాబ్ కనీసం ఫెయిల్ అయ్యానని చెబుతుంది. మెమరీ అయిపోయి లినక్స్ కెర్నల్ వర్కర్‌ను చంపేస్తే ఆ జాబ్‌కి చివరి మాట రాసే అవకాశమే ఉండదు. లాగ్‌లో 'మొదలైంది' అని ఉంటుంది, దాని తర్వాత ఏమీ ఉండదు. కంటైనర్ 137 కోడ్‌తో ఆగిందంటే సిగ్నల్ 9తో చంపేశారని అర్థం, ఎక్కువసార్లు కారణం మెమరీయే, కెర్నల్ లాగ్ చూస్తే తేలిపోతుంది.

ఆ జాబ్ సంగతేంటి? సెలరీ మామూలుగా జాబ్ మొదలుపెట్టేముందే 'అందింది' అని బ్రోకర్‌కు (క్యూను ఉంచే చోటు) చెప్పేస్తుంది, కాబట్టి మధ్యలో చస్తే ఆ జాబ్ పోయినట్టే. పూర్తయ్యాకే చెప్పేలా లేట్ ఆక్ సెట్టింగ్ పెట్టొచ్చు, దానితో పాటు 'రిజెక్ట్ ఆన్ వర్కర్ లాస్ట్' సెట్టింగ్ కూడా ఆన్ చేస్తేనే, జాబ్ నడిపే ప్రాసెస్‌ను ఇలా చంపేసినప్పుడు జాబ్ మళ్లీ వస్తుంది. కానీ రెడిస్ బ్రోకర్‌గా ఉంటే విజిబిలిటీ టైమౌట్ (పూర్తయిందన్న మాట కోసం ఆగే గడువు) మామూలుగా ఒక గంట, అంతకంటే ఎక్కువసేపు పట్టే జాబ్ ఇంకా నడుస్తుండగానే ఇంకో వర్కర్‌కు అదే జాబ్ వెళ్తుంది. ఒకే రైతుకు రెండుసార్లు జమ. అందుకే జమ రాసే జాబ్ ఎంట్రీ నంబరు చూసి 'ఇది ఇదివరకే రాసేశాం' అని గుర్తుపట్టి ఆగిపోవాలి, అలా ఆగిపోయినప్పుడు కూడా 'ఇదివరకే_అయింది' అని లాగ్ రాయాలి. ఆ లైన్లు ఒక్కసారిగా పెరిగితే ఏదో రెండుసార్లు నడుస్తోందని మీకు తెలుస్తుంది. సైడ్‌కిక్ ఉచిత వెర్షన్ కూడా రెడిస్ నుంచి జాబ్‌ను తీసేసుకుని నడుపుతుంది, ప్రాసెస్ హఠాత్తుగా చస్తే చేతిలో ఉన్న జాబ్ పోతుంది.

పట్టుకోవడం ఎలా అంటే, ఐదు నిమిషాలకోసారి ఒక క్వెరీ: 'మొదలైంది' ఉండి, ఆ రకం జాబ్‌కి మామూలుగా పట్టే సమయానికి మూడు రెట్లు దాటినా పూర్తి, ఫెయిల్, రీట్రై ఏదీ లేనివి చూపించు. లాగ్‌లో వెతకడం బరువైతే డేటాబేస్‌లో జాబ్‌లకు ఒక టేబుల్ పెట్టి స్థితి రాసుకోండి, డబ్బు జాబ్‌లకు నేను టేబుల్‌నే ఇష్టపడతాను.

కొత్త కోడ్ పెట్టే సమయం కూడా చూసుకోండి. ఆపమని సిగ్నల్ వచ్చాక సైడ్‌కిక్ 25 సెకన్లు ఆగుతుంది, కుబర్నెటిస్ (కంటైనర్లను నడిపే వ్యవస్థ) మామూలుగా 30 సెకన్ల తర్వాత బలవంతంగా చంపేస్తుంది. ఐదు నిమిషాల జాబ్ ఆ గడువులో అవ్వదు, కాబట్టి బిల్లు నడిచే పూట డిప్లాయ్ చేయకండి, లేదా జాబ్‌ను చిన్న ముక్కలు చేయండి. రెడిస్‌లో మెమరీ నిండితే కీలు తీసేసే పాలసీ పెట్టి ఉంటే క్యూలోని జాబ్‌లు కూడా ఎగిరిపోవచ్చు. క్యూ కోసం వాడే రెడిస్‌లో 'నోఎవిక్షన్' ఉండాలి, కాష్‌కి వేరే రెడిస్ పెట్టండి.

అసలు మొదలే కాని జాబ్ ఇంకో రకం. షెడ్యూలర్ ఆగిపోతే బిల్లు జాబ్ పుట్టదు, పుట్టని జాబ్‌కి ఎర్రరెక్కడిది? దీనికి మందు తిరగేసిన అలర్ట్: జాబ్ పూర్తయిన ప్రతిసారీ బయట ఉన్న ఒక సర్వీసుకు 'బతికే ఉన్నా' అని చెబుతుంది, అనుకున్న టైమ్‌కి ఆ మాట రాకపోతే ఆ సర్వీసు మీకు ఫోన్ చేస్తుంది. హెల్త్‌చెక్స్ లాంటివి ఈ పనికోసమే ఉన్నాయి, మీరే రాసుకున్నా పెద్ద పనేం కాదు, కాకపోతే మీ సర్వర్ బయట ఉండాలి.

ఎస్‌ఎంఎస్ జాబ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గేట్‌వే 'తీసుకున్నాను' అంటే రైతు ఫోన్‌కి చేరినట్టు కాదు. మన దేశంలో మెసేజ్ వాక్యం డీఎల్‌టీలో (టెలికాం కంపెనీలు నడిపే మెసేజ్ టెంప్లేట్ల రిజిస్టర్) రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌తో సరిపోకపోతే ఆపరేటర్ దగ్గర ఆగిపోతుంది, మీ జాబ్ మాత్రం 'పూర్తయింది' అనే రాసి ఉంటుంది. గేట్‌వే ఇచ్చిన మెసేజ్ ఐడీ లాగ్ చేయండి, తర్వాత వచ్చే డెలివరీ రిపోర్టును అదే ఐడీతో ఇంకో ఘటనగా రాయండి. ఎవరో టెంప్లేట్‌లో ఒక మాట మార్చిన రోజు ఈ రెండిటి మధ్య తేడా ఒక్కసారిగా పెరగడం మీకు కనిపిస్తుంది.

7. ఎప్పుడు మోగాలి

రాత్రి రెండింటికి ఫోన్ మోగాలంటే దానికి తగ్గ కారణం ఉండాలి. నా లెక్కలో అవి ఇవే: ఏ క్యూలోనైనా పాత జాబ్ వయసు ఆ క్యూకి మాటిచ్చిన సమయం దాటి పది నిమిషాలుగా అలాగే ఉండటం, బతికున్న వర్కర్లు సున్నా కావడం, జమ లేదా బిల్లు జాబ్ ఒక్కటైనా చనిపోవడం, బిల్లు జాబ్ అనుకున్న టైమ్‌కి పుట్టకపోవడం. మిగతావన్నీ పొద్దున ఆఫీసుకొచ్చాక చూసే జాబితాలోకి వెళ్లాలి. ఊరికే మోగే ఫోన్ వారం తిరిగేసరికి సైలెంట్‌లోకి పోతుంది, టెన్షన్ మాత్రం మిగులుతుంది.

క్యూలకు పేర్లు పెట్టేటప్పుడు 'హై', 'లో' అని కాకుండా మాటిచ్చిన సమయాన్నే పేరుగా పెడితే అలర్ట్ దానంతట అదే రాసుకున్నట్టు ఉంటుంది: 'నిమిషంలో', 'పదినిమిషాల్లో', 'గంటలో'. కొత్తగా జాబ్ రాసేవాళ్లు కూడా దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవర్నీ అడగక్కర్లేదు.

మా దగ్గర రోజంతా ఒకే తీరు ఉండదు. పొద్దున ఒక వరద, సాయంత్రం ఒక వరద, మధ్యాహ్నం దాదాపు ఖాళీ. 'పది నిమిషాలుగా ఒక్క జాబ్ కూడా రాలేదు' అన్న అలర్ట్ మధ్యాహ్నం అర్థం లేనిది, పొద్దున ఆరున్నరకి మాత్రం చాలా పెద్ద విషయం. కాబట్టి ఈ అలర్ట్‌కి పూట చూసే షరతు కలపండి. పల్లెల్లో కరెంటు పోయి, నెట్ పోయి, గంట తర్వాత కేంద్రం ఎంట్రీలన్నీ ఒకేసారి వచ్చిపడటం కూడా మామూలే, అప్పుడు క్యూ పొడవు ఎగిరినా పాత జాబ్ వయసు హద్దులో ఉంటే ఎవర్నీ లేపక్కర్లేదు.

అలర్ట్ మెసేజ్‌లో మూడు మాటలుండాలి: ఏం జరిగింది, ఏ డ్యాష్‌బోర్డు చూడాలి, మొదట ఏం చేయాలి. నిద్రమత్తులో ఉన్న మనిషి చదువుతాడని గుర్తుపెట్టుకుని రాయండి.

8. లాగ్‌లు ఎక్కడ, ఎంతకాలం

వర్కర్ తన లాగ్‌ను స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి రాయాలి, అక్కడి నుంచి లోకీకో (లాగ్‌లు దాచి వెతికే టూల్) ఇంకోదానికో పంపాలి. లోకీ వాడితే ప్రొమీథియస్ లేబుళ్ల నియమమే ఇక్కడా వర్తిస్తుంది. సిస్టమ్‌డీ జర్నల్ (లినక్స్‌లో లాగ్‌లు సేకరించే సర్వీసు) మధ్యలో ఉంటే ఒకటి చూసుకోండి: అది మామూలుగా ఒక్కో సర్వీసుకు 30 సెకన్లలో 10,000 లైన్లు దాటితే మిగతావి వదిలేస్తుంది. పొద్దుటి వరదలో, అంటే మీకు లాగ్ బాగా అవసరమైన వేళలో, లైన్లు పోతాయి. ఆ హద్దు పెంచండి.

ఎంతకాలం ఉంచాలంటే, సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి, అడిగితే ఇవ్వగలగాలి. గడియారాలు ఎన్‌టీపీతో సింక్ చేయాలని కూడా అందులోనే ఉంది. ఖర్చు తగ్గించడానికి ఎస్‌ఎంఎస్ లాంటి వాటిలో రోజూ సాఫీగా పూర్తయ్యే లైన్లను నెల తర్వాత కంప్రెస్ చేసి చౌక స్టోరేజ్‌లో పెట్టొచ్చు. జమ, బిల్లు జాబ్‌ల లైన్లు మాత్రం ఒక్కటీ వదలకుండా, వెంటనే వెతికేలా ఉండాలి.

9. ఇప్పుడు పరీక్షించండి

ఇదంతా పెట్టాక టెస్ట్ సర్వర్ మీద ఒక మధ్యాహ్నం కూర్చోండి. ఒక జమ జాబ్‌లో కావాలనే రెండు నిమిషాలు నిద్రపోయే లైన్ పెట్టి, అది నడుస్తుండగా ఆ వర్కర్‌ను సిగ్నల్ 9తో చంపండి. తర్వాత వర్కర్లన్నీ ఆపేయండి. తర్వాత షెడ్యూలర్‌ను ఆపేయండి. ప్రతిసారీ ఏ అలర్ట్ వచ్చింది, ఎంతసేపటికి వచ్చింది రాసుకోండి. రానిది ఉంటే ఆ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

ఆ తర్వాత టీమ్‌లో ఈ కోడ్ ముట్టుకోని ఒకరిని పిలిచి, కేంద్రం నంబరు, తేదీ, పూట మాత్రమే ఇచ్చి, ఆ పాలు బిల్లులోకి వచ్చాయా లేదా, రాకపోతే ఏ ప్రయత్నంలో ఏ ఎర్రర్‌తో ఆగాయో చెప్పమనండి. మీరు పక్కన ఉండి ఏమీ చెప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఏదో ఒక ఫీల్డ్ తక్కువైందని అర్థం, దాన్ని ఆ రోజే కలిపేయండి.